దూది కుడికన్ను

చిట్యాల సర్వీసు రోడ్డు మీద నా బండి. ముందు నేను, వెనక మెర్సీ, ఆమె ఒళ్ళో వెదురు గంప. గంప మీద తడి తువ్వాల, దాని కింద దూది. పోయిన వారం మిమ్మల్ని అక్కడే నిలబెట్టి వెళ్ళాను.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు వెనక్కి పోతాను. నా పేరు నాగేందర్. హైవే పక్కన దాణా దుకాణం నాది. తవుడు, పల్లి చెక్క, నూకలు, కోళ్ళ దాణా అమ్ముతాను. దుకాణం వెనక మా ఇల్లు, ఇంటి వెనక కిరాయికిచ్చిన గది. ఆ గదిలో మెర్సీ, బడికి పోయే ఆమె కూతురు గ్రేస్ ఉంటారు. మెర్సీ అంగన్‌వాడీలో ఆయమ్మ. దూది మా అమ్మ సైదమ్మ సాకుతున్న కుందేలు. రామన్నపేట దగ్గర కుందేళ్ళ ఫారం పెట్టి, నడవక ఎత్తేసిన ఐలేశం, పొలానికి పోవడం మానేసి ఇంట్లో కూర్చున్న ముసలామెకు తోడుగా ఉంటుందని ఇచ్చిపోయాడు. విచ్చిన పత్తికాయలా ఉందని అమ్మే దానికా పేరు పెట్టింది.

దాని కుడికన్ను ముందు నీరు కారింది. తుడిచాం, ఆగలేదు. తర్వాత తెల్లగా పుసి కట్టింది. ఇప్పుడు రెప్ప విప్పడమే లేదు.

ఎవరో కావాలని చేశారన్న అనుమానం నాకు ఊరికే పుట్టలేదు. బస్తా మూతి మీద కుట్టు చూసి ఏ హమాలీ కుట్టాడో చెప్పగలను. మధ్యలో విప్పి మళ్ళీ కుట్టినా చెప్పగలను. దూది గూటికి గొళ్ళెం లేదు, తలుపుకు ఇనుప తీగ మెలిపెడతాం. నేను పెట్టినా, నా భార్య సుమన పెట్టినా మెలిక కుడివైపు తిరుగుతుంది. ఒక పొద్దున చూస్తే ఎడమవైపు తిరిగి ఉంది. విప్పి నా పద్ధతిలో పెట్టాను. మర్నాడు మళ్ళీ ఎడమకే. మా ఆవరణలో పుర్రచేతి వాటం ఒక్క మెర్సీకే ఉంది.

కారణం కూడా నా కళ్ళముందే ఉంది. గది గోదాముకు కావాలి, ఖాళీ చెయ్యమన్నాను. గ్రేస్ పరీక్షలయ్యేదాకా కదలనన్నది. నేను గొంతు పెంచాను, ఆమె తలుపు వేసుకున్నది. ఆ తలుపు చప్పుడు తర్వాతే దూది కన్ను చెడింది. చెయ్యి ఎవరిదో తెలిసింది, కోపం ఎవరిదో తెలిసింది. ఇక కావలసింది డాక్టరు నోటి మాట ఒక్కటే. ఈ కంట్లో ఎవరో ఏదో పోశారని ఆయన అంటే చాలు, సాయంత్రానికి మెర్సీ సామాను బయట ఉంటుంది. ఇదే మాట సుమనకు చెప్పి బయలుదేరాను. మెర్సీతో మాత్రం, "జర దాన్ని పట్టుకోనీకి రా చెల్లె" అన్నాను. ఆమె మారుమాట లేకుండా వచ్చింది. అదీ నాకు నచ్చలేదు.

బండి అద్దాన్ని రోడ్డు కోసం కాక ఆమె ముఖం కనిపించేటట్టు తిప్పుకున్నాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటున్నది. కుందేలు కోసమా, తన కోసమా అన్నది తెలియలేదు. వెనకనుంచి లారీ హారన్ కొడితే ఉలిక్కిపడి గంపను రెండు చేతులా పొదువుకున్నది.

పశువుల దవాఖాన ముందు ఇనుప చట్రంలో ఒక బర్రెను నిలబెట్టారు. దాని తోక పట్టుకుని నిలబడ్డ కిష్టయ్య నా దగ్గర తవుడు కొనే మనిషే. గంపలోకి తొంగిచూసి పళ్ళన్నీ బయటపెట్టాడు.

"ఏంది సేటు, కుందేలును దవాఖానకు తెచ్చినవా? నేనింకా కూరకు తెచ్చినవనుకున్న."

"నీ బర్రె సంగతి చూస్కో పో."

"బర్రె పాలిస్తది. ఇదేమిస్తది? కన్నుగుడ పోయె. నాకియ్యరాదు, మసాలా నేనే కొనుక్కుంట."

"కన్ను పోతె నీకే ఇస్త తియ్యి. గుడ్డిదాన్ని కూసోబెట్టి మేపుతనా?"

ఇంట్లో కూడా ఇదే మాట అన్నాను. అమ్మ పక్కనే కూర్చుని ఉండగానే, సుమనతో రెండు మూడుసార్లు అని ఉంటాను. దుకాణంలో చెడిన సరుకు ఉంచితే మంచి సరుకు కూడా చెడుతుందనేది నా పద్ధతి. కిష్టయ్య నవ్వాడు. మెర్సీ నవ్వలేదు. బయలుదేరిన తర్వాత మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూసింది. ఏదో అడగబోయి మానుకున్నట్టుంది. నేను గుర్తుపెట్టుకున్నాను.

డాక్టర్ అమరేందర్ కల్వకుర్తి వైపు మనిషి, ఇక్కడికి కొత్తగా వచ్చాడు. బర్రెకు సూది వేసి, చేతులు కడుక్కుని, బల్ల మీద గోనెపట్టా పరిచాడు.

"ఎవరు పట్టుకుంటరు? ఎనక కాళ్ళు గట్టిగ దొరకబట్టాలె. ఎగిరి తన్నిందంటె దాని నడుం అదే ఇరగ్గొట్టుకుంటది."

మెర్సీ ముందుకు జరిగింది. ఒక చెయ్యి దాని పిరుదుల కింద పెట్టి, రెండో అరచెయ్యి నుదుటి మీద ఆనించింది. నేను ముట్టుకుంటే పిల్లిని చూసినట్టు బిగుసుకుపోయే దూది, ఆమె చేతి కింద చెవులు వాల్చి మెత్తబడిపోయింది. ఎప్పుడో ఒకసారి పట్టుకున్న చేతికి జంతువు ఇట్లా లొంగదు. ఇది రోజూ ముట్టుకునే చెయ్యి. నా అనుమానానికి ఇంకో సాక్ష్యం దొరికింది.

డాక్టర్ తడి పత్తితో పుసి తుడిచాడు. కంటి లోపలి మూల కింద బొటనవేలితో మెల్లగా నొక్కాడు. పెరుగు లాంటి చీము బొట్టు పైకి వచ్చింది. మెర్సీ కళ్ళు మూసుకున్నది. ఆయన దవడ కింద వేళ్ళతో తడిమి, నోరు కొంచెం విప్పి లోపలికి లైటు వేసి చూశాడు. కంటి కోసం వస్తే నోరు చూస్తాడేమిటని నాకు విసుగొచ్చింది.

"సేటు, ఏం మేపుతున్నరు దీన్ని?"

"ఫస్ట్ క్లాస్ మేపు సార్. నూకలు, శెనగపొట్టు, కోళ్ళ దాణా. నా దుకాణంల ఉన్నదాంట్ల మంచిదే ఏస్త. గడ్డి ముట్టనియ్య."

"గడ్డి ఎందుకు ముట్టనియ్యరు?"

"దాణా సేటు ఇంట్ల కుందేలు గడ్డి తింటె నలుగురు నవ్వరా సార్?"

ఆయన నవ్వలేదు. "కుందేలు పండ్లు బతికినన్నాళ్ళు పెరుగుతనే ఉంటయి. గడ్డి పరపర నమిలితెనే అరుగుతయి. నూకలను రెండు కొరుకులు కొరికి మింగుతది. ఇగ పండ్లెట్ల అరగాలె? పెరిగే జాగ లేక వేర్లు ఎనక్కి దిగుతయి. కన్నీళ్ళు ముక్కులకు పోనీకి సన్నటి దారి ఉంటది. పై పండ్ల వేర్లు ఆ దారిని ఒత్తుతున్నయి. నీళ్ళు దిగే తొవ్వ లేక బయటికి కారినయి, నిలిచినయి, చీము పట్టినయి."

"అంటే ఎవ్వరు ఏం చెయ్యలేదంటరా?"

ఆ మాట నా నోటినుంచి వచ్చిన తీరు నాకే వినిపించింది. నాకు ఊరట కలగలేదు. తూకానికి తెచ్చిన బస్తా తేలిపోయినట్టు అనిపించింది.

కిటికీ అవతలనుంచి కిష్టయ్య అందుకున్నాడు. "మంచిగ మేపి మంచం పట్టించినవన్నట్టు సేటు! మా బర్రెకు గుడ గదే తవుడు ఏస్తున్న, దానికేమన్న అయితదా సార్?"

"బర్రె వేరు, కుందేలు వేరు. నువ్వు పో" అన్నాడు డాక్టర్. కానీ అంతటితో వదల్లేదు. దూది ముఖాన్ని మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. "చీము ఒక్కటే అయితె రెప్ప ఇంత బిగించదు. జర చూద్దాం."

అల్మరాలోంచి నారింజ రంగు అంచున్న సన్నటి కాగితపు ముక్క తీశాడు. నీటి బొట్టుతో తడిపి రెప్ప లోపల ఆనించాడు. కంటి నిండా పసుపు నీళ్ళు తిరిగాయి. కడిగేసి, కిటికీ మూయించి, నీలం లైటు వేశాడు. నల్లగుడ్డు మీద పెసరగింజంత మచ్చ పచ్చగా వెలిగింది.

"ఇగో, ఇది పుండు. దురద పెడితె ముందుకాలుతోని గోక్కున్నది, గోరు తగిలింది. చిన్న గీరుడయితె దానంతట అదే మానాలె. ఇది మానకపోను లోపలికి పోతాంది. ఏం చుక్కల మందు పోస్తున్నరు?"

"ఏం పోస్తలేం సార్."

"పోస్తున్నరు."

ఆయన కంటి కింద అట్టకట్టిన బొచ్చును రెండు వేళ్ళతో నలిపాడు. సున్నంలాగా తెల్లటి పొడి రాలింది. "చీము ఎండితె ఇట్లుండది. పాల లెక్క తెల్లగుండే మందు ఉంటది, ఊపి పోస్తరు. అది కారి ఎండింది. ఒక్కనాడు పోసింది కాదు, రోజూ పోస్తున్నరు. మనుషులకు కంటి ఆపరేషనయినంక వాపు దిగనీకి అసొంటిది రాస్తరు. వాళ్ళకు అది కావాలె. పుండున్న కంట్ల పోస్తె పుండును మాననియ్యది."

గదిలో చీకటి. నీలం లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో మెర్సీ చెయ్యి చూశాను. దూది నుదుటి మీద ఉన్న అరచెయ్యి కదలడం మానేసింది.

తెల్లటి మందు, ఊపి పోసే మందు, కంటి ఆపరేషన్ తర్వాత ఇచ్చే మందు. మా అమ్మకు నల్గొండలో కుడికంటి శుక్లం తీయించి తెచ్చాం. అట్లాంటి సీసా మా ఇంట్లో ఉంది. అమ్మ కంట్లో మెర్సీయే చుక్కలు వేస్తున్నదని సుమన ఒకసారి నాతో చెప్పింది కూడా. మా ముసలమ్మ మందు దొంగిలించి మా ముసలమ్మ కుందేలునే గుడ్డిది చేసిందన్నమాట. నాకు కావలసిన మాట డాక్టర్ నోటినుంచి వచ్చేసింది. నేననుకున్న దానికంటే ఎక్కువే వచ్చింది.

"కన్ను పోతదా సార్?" అని అడిగింది మెర్సీ.

"ఇప్పుడే చెప్పలేం. ఆ మందు ఇయ్యాల్నే బంద్ చెయ్యాలె. వేరే చుక్కలు ఇస్త. కన్నీటి దారి సెలైన్‌తోని కడుగుత. పండ్ల కోసం హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి. మేపు మాత్రం గడ్డి. పచ్చిది, ఎండుది, గరిక, ఏదైనా సరే. ఇంకో సంగతి సేటు. కుందేలు నొప్పిని దాస్కుంటది, అరవది. మేత బంద్ చేసిన్నాడు గాని మనకు తెల్వది. అప్పటికి చాన దూరం పోయి ఉంటది. మీరే రోజూ దగ్గర కూసోని చూస్కోవాలె."

కన్నీటి దారి కడిగేటప్పుడు దూది ముక్కునుంచి చీము నీళ్ళు వచ్చాయి. మెర్సీ తన కొంగుతో తుడిచింది. అదంతా నాకు నాటకంలా కనిపించింది.

బయట బండి దగ్గరికి రాగానే గంపను సీటు మీద పెట్టించి, దారికి అడ్డంగా నిలబడ్డాను.

"మా అమ్మ మందు దీని కంట్ల ఎందుకు పోసినవ్?"

ఆమె నేల చూసింది.

"తీగ మెలిక చూసినప్పుడే తెలిసింది నాకు. గూడు తెరిచింది నువ్వే. అవునా, కాదా?"

"అవునన్నా. నేనే తెరిచిన. నేనే పోసిన."

"ఎవరు పొయ్యమన్నరు?"

ఆమె గంప మీద తువ్వాల సర్దింది.

"గది మీద కోపం ఉంటె నా మీద తీర్చుకోవాలె. నోరులేని దాని మీదనా?"

"కోపంతోని కాదన్నా."

"మరి దేనితోని?"

మెడలో సిలువను పిడికిట్లో పట్టుకుని నిలబడింది. నా ఓపిక అయిపోయింది.

"ఇయ్యాల పొద్దుమీకె లోపల గది ఖాళీ చెయ్యి."

"చేస్త."

ఇక్కడ నాకు మొదటిసారి కాలు తడబడింది. ఇన్నేళ్ళు బేరాలు చేసినవాణ్ణి. మొదటి మాటకే సరేనన్న మనిషిని నేను నమ్మను. సరుకులో లోపం ఉండాలి, లేదా ఆ మనిషికి నాకు కనబడని అవసరం ఇంకొకటి ఉండాలి. ఇదే మెర్సీ గదిలో ఒక్క బల్బు మార్చేదానికి నాతో నెలంతా వాదించింది. గ్రేస్ పరీక్షల దాకా కదలనని నా ముఖం మీద తలుపు వేసింది. ఆ మనిషి ఇప్పుడు ఒక్క మాటలో గది వదులుకుంటున్నది. పరీక్షల సంగతి ఎత్తనే లేదు.

"గ్రేస్ పరీక్షలో?" అన్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఎట్లనో అట్ల రాస్తది. అన్నా, ఒక్కటి అడుగుత. దీన్ని కిష్టయ్యకు ఇయ్యకు. ఇచ్చినా అవ్వకు చెప్పకు."

కుందేలు కన్ను చెడగొట్టిన మనిషి కుందేలు ప్రాణం అడుగుతున్నది. ఎక్కడో నా లెక్క తప్పుతున్నది. ఎక్కడో తెలియక మరింత కోపం వచ్చింది. బండి స్టార్ట్ చేశాను. అద్దంలో ఈసారి ఆమె పెదవులు కదలలేదు.

ఇంటికి చేరగానే మెర్సీ గంప నా చేతికిచ్చి తన గదిలోకి పోయింది. కాసేపటికి గిన్నెల చప్పుడు మొదలైంది. సామాను బయట వాకిట్లో పెడుతున్నది.

అమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆపరేషనైనప్పుడు ఇచ్చిన నల్ల కళ్ళద్దాలు, నడుముకు దోపుకున్న వక్కల సంచి. గంపను ఆమె కుడిపక్కన పెట్టాను.

"తెచ్చినవా నా బిడ్డను? ఏది? ఎక్కడ పెట్టినవ్?" ఆమె చెయ్యి ఎడమవైపు నేల మీద వెతికింది.

"ఇగో, ఈ పక్కనే" అని ఆ చెయ్యి పట్టి గంప మీద పెట్టాను. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. నా ధ్యాసంతా సీసా మీదే ఉంది.

"అమ్మా, నీ కంటి మందు సీస ఏది?"

"ఎందుకురా?"

"ఏదో చెప్పు."

ఆమె చెయ్యి అప్రయత్నంగా వక్కల సంచి మీదికి పోయి, వెంటనే వెనక్కి వచ్చింది. ఆ సంచిని చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. అందులో వక్కలు, సున్నపు డబ్బీ, అడకత్తెర తప్ప ఇంకేదీ ఉండగా చూడలేదు. వంగి నేనే మూతి విప్పాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది గానీ ఆపలేకపోయింది. వక్కల మధ్య తెల్లటి చిన్న సీసా ఉంది. ఊపి చూశాను. అడుగున కొంచెం మిగిలింది.

"మెర్సీ దీన్ని దొంగతనంగ తీసి కుందేలు కంట్ల పోస్తాందని తెలుసా నీకు?"

"దొంగతనమా? ఎవరన్నరు?" అమ్మ గొంతు లేచింది. "నేను ఇచ్చిన. నేనే పొయ్యమన్న. నాకు దాని కన్ను ఆనదు, నా చెయ్యి వణుకుతది. అందుకే ఆమెను బతిమాలుకున్న. నీకు చెప్పొద్దని నా తల మీద ఒట్టు ఏపిచ్చుకున్న. ఏమన్నవురా ఆ పిల్లను? ఆ గిన్నెల చప్పుడేంది?"

వాకిట్లో చప్పుడు ఆగిపోయింది. మెర్సీ బిందె చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. దుకాణంలోంచి సుమన వచ్చింది. మా గొంతులు అక్కడికి వినిపించాయి కాబోలు.

నా చేతిలో సీసా. నేను పట్టుకున్న దొంగ దొంగ కాదు. ఒట్టు కోసం గది వదులుకోబోయిన మనిషి. అక్కడితో ఆగి ఉంటే, నాలుగు మంచి మాటలు చెప్పి సర్దుకునేవాణ్ణి. కానీ సరుకు సరిచూసే అలవాటు నాది. ఒక్క సీసా చూసి ఊరుకోలేకపోయాను.

"సరే, ఇది దూదికి పోసిండ్రు. మరి నీ కంట్ల పోసే సీస ఏది?"

అమ్మ వక్కల సంచి మూతి బిగించుకుంది.

"సుమనా, అమ్మ సీస ఏది?"

"నాకేం ఎరుక? మెర్సే గద రోజూ పోసేది" అన్నది సుమన. "దుకాణంల నీకు తీరదు బిడ్డా, మెర్సీ పోస్తది తియ్యి అని అత్తమ్మ గట్లనే చెప్పింది నాకు."

"లేదు వదినా" అన్నది మెర్సీ. బిందె నేల మీద పెట్టింది. "పొద్దుగాల నువ్వే పోసి దుకాణానికి పోతవని అవ్వ చెప్పింది నాతోని. గీ సీస ఎక్కువ మిగిలిందన్నది, గిది దూదికన్నది. రెండున్నయనుకున్న నేను."

నేను సీసాను వెలుతురుకెత్తి చూశాను.

సీసా ఒక్కటే ఉంది. ఆపరేషన్ చేయించి, నల్లద్దాలు పెట్టించి, ఇంటికి తెచ్చి కూర్చోబెట్టిన తర్వాత మా అమ్మ కంట్లో ఎవరూ ఒక్క చుక్క కూడా వెయ్యలేదు. నేను రోజూ తీగ మెలిక చూశాను. అద్దాల వెనక ఏముందో చూడలేదు.

నేను చప్పుడు చెయ్యకుండా ఆమె కుడివైపుకు వచ్చి కూర్చున్నాను. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. అమ్మ ముఖం నేను ముందు నిలబడ్డ చోటికే తిరిగి ఉంది.

"ఎటు పోయినవురా?" అన్నది ఖాళీ జాగాతో.

సుమన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను మెల్లగా అమ్మ కళ్ళద్దాలు తీశాను. కుడికన్ను ఎర్రగా, ఉబ్బి, నీళ్ళు కారుతున్నది. వెలుతురు తగలగానే రెప్ప బిగించేసింది. పొద్దున దూది బిగించినట్టే. ఎడమకన్ను ఆపరేషన్ ఇంకా చేయించనే లేదు, దానిలో ఎప్పటినుంచో మసకే.

"నొప్పుందా అమ్మా?"

"లేదు."

"నిజం చెప్పు."

"లేదంటున్న గద."

"ఎందుకు చెప్పలే మరి? కనబడ్తలేదని ఒక్క మాట అంటె ఆనాడే తీస్కపోదును గద!"

అమ్మ గంప మీది తువ్వాల కిందికి చెయ్యి పోనిచ్చి దూది వీపు మీద పెట్టింది. అది ఆ చేతి కిందికి ఒదిగింది.

"నువ్వే అంటివి గదరా. గుడ్డిదాన్ని కూసోబెట్టి మేపుతనా అని."

"అది కుందేలు సంగతమ్మా!"

"అవ్, కుందేలు సంగతే. ముందుగాల దాన్ని ఏం చేస్తవో చూద్దామనుకున్న. దాని కన్ను బాగయితె నువ్వు ఉంచుకుంటవు. దాన్ని ఉంచుకున్నోనివి నన్ను ఇడుస్తవా అనుకున్న. అందుకే నా చుక్కలు గుడ దానికే పెట్టిన." ఆమె ఏడవడం లేదు. నేను దుకాణంలో గిరాకీకి ధర వివరించినట్టే వివరించింది. "దానికి గుడ ఆనకుంటయిందా? డాక్టరేమన్నడు?"

ఆ మందే దాని పుండును పెంచిందని చెప్పకుండా మాట మార్చాను.

"లే అమ్మా. నల్గొండకు పోదాం. ఇప్పుడే. సుమనా, ఆటోకు ఫోన్ చెయ్యి."

చెయ్యి పట్టి లేపబోయాను. అమ్మ గోడకు ఇంకా ఒరిగి కూర్చుంది. గంపను ఒళ్ళోకి లాక్కుంది.

"నేను రాను."

"దవాఖానకమ్మా."

"దీన్ని గుడ దవాఖానకనే తీస్కపోయినవు. దుకాణానికొచ్చినప్పుడల్ల దీన్ని కూరకడిగే కిష్టయ్య గొంతు తొవ్వల ఇనబడ్డదా లేదా చెప్పు. బేరం అడిగిండా లేదా?"

నేను జవాబు వెతుక్కునే లోపలే ఆమె తల ఊపింది. ఆమెకు తెలియవలసింది తెలిసిపోయింది. నన్ను కన్న మనిషి, నేను ఆలస్యంగా చెప్పే మాటను నమ్మదు.

"ఆపరేషన్ చెడిన కన్ను ఇగ బాగుకాదంటె, నన్నేడ దించొస్తవురా? ఏ ఆశ్రమంల? ఏ అక్క ఇంట్ల?"

"అమ్మా, ఏం మాటలవి?"

"నువ్వు జెప్పకు. నీ మాట వద్దు." అమ్మ ముఖం వాకిలి వైపు తిప్పింది. అక్కడ గిన్నెలు, చాప, గ్రేస్ పుస్తకాల సంచి కుప్పగా ఉన్నాయి. అవి ఆమెకు కనబడవు. "మెర్సీ, ఉన్నవా బిడ్డా? నువ్వు జెప్పు. పొద్దటినుంచి వీని ఎంటనే ఉన్నవు గద. వీడు నన్ను దవాఖానకే తీస్కపోతడా? నువ్వు పో అంటె పోత. వద్దంటె ఈడనే కూసుంట."

సుమన మెర్సీ వైపు చూసింది. నేనూ చూశాను. ఇందాక నేను గది ఖాళీ చెయ్యమన్న మనిషి, తన సామాను కుప్ప పక్కన నిలబడి ఉంది. మా అమ్మ కన్ను ఇప్పుడు ఆమె నోటి మాట మీద ఉంది. ఆమె ఎడమచేత్తో బిందె ఎత్తి చంకన పెట్టుకుని, ఒక్కసారి తన గది తలుపు వైపు చూసి, నా ముఖం మీద చూపు ఆపింది.

నేను చేతులు జోడించానో లేదో నాకు గుర్తు లేదు.

మెర్సీ నోరు విప్పింది.

"అవ్వా, అబద్ధం చెప్పను నీకు..."